పాత కంప్యూటరు - కొత్త మెమొరీ

విద్యుత్తు ఉన్నంతవరకే అన్నియు గుర్తుంచుకొని, అది పోయిన మరుక్షణమే సర్వమును మరచిపోవు జ్ఞాపకశక్తి కంప్యూటరులో ఒకటి కలదు. దానినే ర్యామ్ అందురు. ఉర్దూ విభాగపు మిత్రులు యాద్‌దాష్త్ అన్నను చెల్లును గాని, ఇది పరీక్షకు ముందురాత్రి వల్లెవేసిన పాఠము వంటి యాద్‌దాష్త్! ఇది చాలనప్పుడు యంత్రము మందగించును. అప్పుడు మరొక స్టిక్కు కొని ఖాళీ స్లాటులో అమర్చుట పరిపాటి. ఖర్చు స్వల్పము, ఫలితము మాత్రము ఒక్కొక్కప్పుడు విపరీతము.

గోదావరి డెల్టాలోని ఒక కళాశాల ప్రయోగశాలలో నేను కన్నులారా చూచిన సంగతి చెప్పెదను. అచ్చటి పాత కంప్యూటర్లకు కొత్త స్టిక్కులు తెప్పించిరి. కొటేషను కాగితముపై "4 జీబీ ర్యామ్" అని తప్ప మరేమియు లేదు. తక్కువ ధర వ్రాసిన వారికే ఆర్డరు దక్కినది. అమర్చిన నాడే కొన్ని యంత్రములు తెర వెలిగింపక బీప్ బీప్ మని అరచినవి. వానిని పక్కన పెట్టిరి. తక్కినవి లేచినవి గాని, రెండు మూడు గంటల కొకసారి నీలితెర చూపి ఆగిపోజొచ్చినవి. పిలిపించిన మెకానిక్కు విండోస్ చెడినదని తేల్చి, ఒక దాని డిస్కును ఫార్మాట్ చేసెను. ముగ్గురు తుది సంవత్సరపు విద్యార్థుల ప్రాజెక్టులు అందులోనే ఉన్నవి. మరునాటి మధ్యాహ్నము అదే యంత్రముపై నీలితెర మరల ప్రత్యక్షమైనది!

దోషమెక్కడ? డెస్క్‌టాపులో వాడు డీడీఆర్3 స్టిక్కుకు 240 పిన్నులు, డీడీఆర్4కు 288. గాడి చోటు కూడ వేరగుటచే ఒకదాని స్లాటులో మరొకటి దూరదు. కాబట్టి తరము మారినచో చేతికే తెలిసిపోవును. చిక్కంతయు ఒకే తరములో. డీడీఆర్3లోనే 1.5 వోల్టులవి, 1.35 వోల్టులవి కలవు. తక్కువ వోల్టు మాత్రమే ఇచ్చు ల్యాప్‌టాపులో మొదటి రకము చక్కగా కూర్చుండును గాని, సరిగా పనిచేయునన్న హామీ లేదు. కొన్ని పాత మదర్‌బోర్డులకు చిప్పు పరిమాణముపై హద్దు గలదు. ఇంటెల్ జి41 రకమునే చూడుడు: 2 గిగాబిట్ల చిప్పులు పదహారు చేర్చిన 4 జీబీ స్టిక్కును అది స్వీకరించును, 4 గిగాబిట్ల చిప్పులు ఎనిమిది చేర్చిన దానిని స్వీకరింపదు. లేబులుపై మాత్రము రెండును 4 జీబీయే.

ఇక వేగము. ప్రతి స్టిక్కుపై ఒక చిన్న చిప్పు తన వేగమును, సమయపు లెక్కలను మదర్‌బోర్డుకు తెలుపును. రెండు భిన్నమైన స్టిక్కులున్నచో బోర్డు సాధారణముగా నెమ్మదైన దాని వేగమునే రెంటికిని విధించును. ధవళేశ్వరము లాకులో ముందు పడవను దాటి వెనుక పడవ పోలేదు గదా! చాలమారులు ఈ సర్దుబాటు నెగ్గును. నెగ్గనిచోట ఎప్పుడో ఒక అంకె తారుమారగును. అసలు లేవనని మొరాయించు యంత్రము నిజాయితీ గలది. లేచి నడచుచు నడుమ తప్పు చదువు యంత్రమే ప్రమాదకరము. ఆ తప్పునే డిస్కుపై భద్రముగా వ్రాసిపెట్టును.

కావున మెమొరీ మార్చిన పిమ్మట యంత్రము ఆగినచో, తొలుదొల్త ఫార్మాట్ మాట ఎత్తరాదు. స్విచ్చి ఆపి, ప్లగ్గు ఊడదీసి, ఇనుప పెట్టెను ఒకమారు తాకి (దేహమునందలి స్థిరవిద్యుత్తు చిప్పులను చెరుపవచ్చును), కొత్త స్టిక్కును తీసివేసి పాతదానితో నడిపి చూడవలెను. ఆగుట మానినచో సగము జవాబు దొరికినట్లే. తరువాత కొత్తదానిని ఒంటరిగా పెట్టి, మెమ్‌టెస్ట్86 ప్లస్ అను ఉచిత ప్రోగ్రామును పెన్‌డ్రైవు నుండి రాత్రంతయు నడుపవలెను. ఒక్క తప్పు కనబడినను ఉపేక్షింపరాదు. స్లాటు మార్చి మరల చూచినచో దోషము స్టిక్కుదో, స్లాటుదో తేలును. రెండు స్టిక్కులును విడివిడిగా నెగ్గి, కలిపినప్పుడే ఓడినచో వానికి పొత్తు కుదరలేదన్నమాట. బయోసులో వేగము తగ్గించి చూడవచ్చును. లేనిచో ఒకే రకపు జత కొనుటయే శరణ్యము. మన వైపు గాలిలో తేమ మెండు గనుక, పిన్నుల అంచును రబ్బరుతో మెల్లగా రుద్ది శుభ్రపరచుట మరువరాదు. కేవలము దీనితోనే బాగుపడిన యంత్రములను నేనెరుగుదును.

ఆ ప్రయోగశాలవారు తప్పుల పట్టిక ఫొటో చూపగా దుకాణదారు పేచీ లేకుండ స్టిక్కులు మార్చి ఇచ్చెను. ఈమారు కొటేషనులో తరము, వోల్టు, వేగము, చిప్పుల సంఖ్య, మదర్‌బోర్డు పేరు వ్రాసిరి. మన కమిటీ పెద్దలును గమనింప గోరెదను. ముగ్గురు విద్యార్థులలో ఒకనికి పెన్‌డ్రైవులో నకలు ఉండినది. తక్కిన ఇద్దరును సంక్రాంతి సెలవులన్నియు ప్రయోగశాలలోనే గడిపి, మొదటినుండి మరల టైపు చేసిరి.