మన యనంతరము బిడ్డకు దిక్కెవరు?

కోనసీమలో కొబ్బరితోట గల గృహస్థుడు తాను నాటిన చెట్టు పుత్రపౌత్రులకు ఫలమిచ్చునని ధైర్యము వహించును. కాని బుద్ధిమాంద్యము గల బిడ్డ యున్న యింట నా ధైర్యము చాలదు. తోట నిలుచును; దింపు తీయించి, లెక్క చూచి, యా పైకమును బిడ్డ యన్నమునకును ఔషధమునకును వినియోగించువా రెవరు?

ప్రభుత్వము ఈ చింతను బొత్తిగా విస్మరించినదని మేమనజాలము. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టములోని 80-డీడీ సెక్షను, అంగవైకల్యము గల బిడ్డ పోషణకు వ్యయము చేసినవారికిని, జీవిత బీమా సంస్థ మొదలగువాని పథకములలో బిడ్డకొఱకు సొమ్ము కట్టినవారికిని రాయితీ నొసగినది. వైకల్యము నూటికి 40 పాళ్లున్నచో 75,000 రూపాయలు, 80 పాళ్లుగాని అంతకు మించిగాని యున్నచో 1,25,000 రూపాయలు పన్ను విధింపదగు నాదాయమునుండి తగ్గింపబడును. 2025 నాటి నూతన చట్టమును ఈ రాయితీని నిలిపినది.

కట్టిన సొమ్ము తండ్రి మరణించినగాని బిడ్డకు చేరదను నిబంధన చిరకాల ముండెను. 2019 జనవరిలో సుప్రీముకోర్టు ఆ నిబంధనను కొట్టివేయకున్నను, మార్పును పరిశీలింపుమని కేంద్రమునకు సూచించెను. 2022లో పార్లమెంటు చట్టమును సవరించి, సొమ్ము కట్టువారికి 60 ఏండ్లు నిండి, కట్టుట నిలిపినచో, వారి జీవితకాలముననే బిడ్డకు చెల్లింపునకు వీలు కల్పించెను.

సంతోషమే. కాని లాభ మెవరికి? వ్యవసాయాదాయముపై ఆదాయపు పన్ను లేదు. కావున కేవలము తోటపై బ్రతుకు రైతునకు తగ్గించుటకే పన్ను లేదు. పడవ లేనివానికి రేవు సుంకము మాఫీ చేసినట్లున్నది. ఇక అమలాపురములోని ఉద్యోగికైనను, 2023 నుండి సామాన్యముగా వర్తించు నూతన పన్ను విధానములో ఈ రాయితీ లేదు; పాత విధానమును కోరి ఎంచుకొన్నవారికే కలదు.

అమెరికాలో 2014 నాటి చట్టము వేఱొక మార్గము త్రొక్కినది. అచ్చట ఖాతా వికలాంగుని పేరనే యుండును. అందు పెరిగిన సొమ్మును వాని యవసరములకు వాడినచో పన్ను లేదు. లక్ష డాలర్ల వఱకు నిలువ యున్నను, వికలాంగులకు కేంద్ర ప్రభుత్వ మిచ్చు నెలసరి భృతి ఆ కారణమున తగ్గదు. పొదుపు చేసినందుకు సహాయము పోవునను భయము లేదన్నమాట.

మనకును ఇట్టి ఖాతా వలయును. పన్ను కట్టని రైతు దాచుదానికి ప్రభుత్వము కొంత జతచేయవలెను. ఆ నిలువనుబట్టి పింఛను త్రోసివేయరాదు. కోనసీమ ప్రజాప్రతినిధులు దీనిని చట్టసభలలో నడుగవలెనని కోరుచున్నాము.

అంతవఱకు పాఠకులు చేతనున్న సాధనములను విడువరాదు. వైకల్య ధ్రువపత్రము గల మైనరు బిడ్డ పేర దాచిన సొమ్ముపై వచ్చు నాదాయము తల్లిదండ్రుల యాదాయములో కలుపబడదు. బుద్ధిమాంద్యము మొదలగు వైకల్యములు గలవారికి యుక్తవయస్సు వచ్చినపిదప, 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టము క్రింద జిల్లా స్థానిక సమితిచే చట్టబద్ధుడగు సంరక్షకుని నియమింప జేయవచ్చును. వీలునామా వ్రాయుట, సంరక్షకుని నిర్ణయించుట రేపటికి వాయిదా వేయదగిన పనులు కావు. తోటను బిడ్డకు విడిచిపోవుట మాత్రమే చాలదు. దాని ఫలము బిడ్డ చేతికి చేరు త్రోవను గూడ మన మున్నప్పుడే వేయవలెను.