ప్రమాణం ముందా, లెక్క ముందా?

1989 డిసెంబరు 1. పార్లమెంటు సెంట్రల్ హాలులో జనతాదళ్ ఎంపీలు తమ నాయకుణ్ణి ఎన్నుకోవడానికి సమావేశమయ్యారు. రాజీవ్ గాంధీని ఎదిరించి గెలిచిన ఘనత వి.పి. సింగ్‌ది. ఆయనే లేచి దేవీలాల్ పేరు ప్రతిపాదించారు. మరో పేరు రాలేదు. దేవీలాల్ ఎన్నికయ్యారని ప్రకటించారు. అప్పుడు దేవీలాల్ లేచి అందరికీ కృతజ్ఞతలు చెప్పి, తనను హర్యానాలో పెద్దనాన్న అని పిలుస్తారని, అలాగే ఉండిపోతానని, ఈ బాధ్యత వి.పి. సింగ్ తీసుకోవాలని అన్నారు. కొద్ది నిమిషాల్లో నాయకుడు మారిపోయాడు. వి.పి. సింగ్ పేరుకు మొదటినుంచీ అడ్డుచెబుతూ వచ్చిన చంద్రశేఖర్, దేవీలాల్ పేరు అనగానే ఊరుకున్న మనిషి, తనను మోసం చేశారని అర్థమై హాలు వదిలి వెళ్ళిపోయారు.

దేశానికి ప్రధాని ఎవరన్నది తేలింది అక్కడే. అప్పటికి లోక్‌సభలో జనతాదళ్ బలం 143. కాంగ్రెస్‌కు 197 మంది ఉన్నా తాము ప్రభుత్వం ఏర్పాటు చేయబోమని రాజీవ్ గాంధీ చెప్పేశారు. బీజేపీ, వామపక్షాలు వి.పి. సింగ్‌కు బయటినుంచి మద్దతిస్తామన్నాయి. మర్నాడే ప్రమాణస్వీకారం జరిగింది. మీకు నాయకుడిగా ఎవరు కావాలని మొత్తం సభను అడిగినవారు లేరు. అడగాలన్న నియమమూ లేదు.

ప్రధానిని ఎంపీలు, ముఖ్యమంత్రిని ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారని మనలో చాలామంది నమ్మకం. రాజ్యాంగంలో ఉన్నది వేరు. 75వ అధికరణం ప్రకారం ప్రధానిని రాష్ట్రపతి నియమిస్తారు. ఆ ప్రధాని సలహాపై మిగతా మంత్రులను నియమిస్తారు. మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహించాలి. రాష్ట్రాల్లో గవర్నరు, ముఖ్యమంత్రి, శాసనసభల విషయంలో 164వ అధికరణం ఇదే మాట చెబుతుంది. ఇది బ్రిటన్‌నుంచి మనం తెచ్చుకున్న పద్ధతి. ఎంచడం ఒకరి చేతిలో ఉంటుంది, దించడం సభ చేతిలో ఉంటుంది. సభ వంతు వచ్చేది ప్రమాణం అయిపోయాకే. తాళి కట్టించేశాక పెళ్ళికూతురిని ఇష్టమేనా అని అడిగినట్టుంటుంది ఈ వరస.

ఒక పార్టీకి నిండు మెజారిటీ వచ్చినప్పుడు ఈ వరసవల్ల నష్టం లేదు. ఎవరిని పిలవాలో అందరికీ తెలుసు. లెక్క తేలనప్పుడే చిక్కు. ఎవరిని ముందు పిలిచారన్నదాన్నిబట్టి కథ మొత్తం మారిపోతుంది. కుర్చీలో కూర్చున్నవాడి చేతిలో మంత్రి పదవులు ఉంటాయి, పోలీసులు ఉంటారు, గడువు ఉంటుంది. బయట నిలబడ్డవాడికి ఉండేది ఎమ్మెల్యేల సంతకాలున్న కాగితం ఒక్కటే.

1979 చూడండి. జులైలో ప్రధాని మొరార్జీ దేశాయ్ రాజీనామా చేశారు. రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది మన నీలం సంజీవరెడ్డి. ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రిగా, లోక్‌సభ స్పీకర్‌గా పనిచేసిన ఆయనకు సభల లోగుట్టు తెలియనిది కాదు. ముందు ప్రతిపక్ష నాయకుడు వై.బి. చవాన్‌ను పిలిచారు. ఆయనవల్ల కాలేదు. తర్వాత చరణ్ సింగ్‌ను ప్రధానిగా నియమించి, సభలో బలం నిరూపించుకోమన్నారు. జులై 28న ప్రమాణం జరిగింది. ఇందిరా గాంధీ మద్దతు ఉపసంహరించుకోవడంతో ఆగస్టు 20న, సభ ముందుకు వెళ్ళకుండానే, చరణ్ సింగ్ రాజీనామా ఇచ్చి ఎన్నికలు పెట్టమని సలహా ఇచ్చారు. తనకు బలముందని, ఒక అవకాశం ఇమ్మని జనతా పార్టీ నాయకుడు జగ్జీవన్‌రామ్ అడుగుతూనే ఉన్నారు. ఆయనకు ఆ అవకాశం రాలేదు. రెండు రోజులకే సంజీవరెడ్డి లోక్‌సభను రద్దు చేశారు. ఒక్కరోజు కూడా లోక్‌సభను ఎదుర్కోని చరణ్ సింగ్ 1980 జనవరి దాకా ఆపద్ధర్మ ప్రధానిగా కొనసాగారు. జగ్జీవన్‌రామ్‌కు నిజంగా బలం ఉందో లేదో ఈనాటికీ ఎవరూ చెప్పలేరు. అది తేలాల్సిన చోట లెక్కే జరగలేదు.

తెలుగువాళ్ళకు ఇంకా బాగా గుర్తున్నది 1984 ఆగస్టు. ఎన్.టి. రామారావు అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చిన రోజులు. ఆయన పార్టీలోని నాదెండ్ల భాస్కరరావు తనకే మెజారిటీ ఉందని గవర్నరు రామ్‌లాల్ దగ్గరికి వెళ్ళారు. ఆగస్టు 16న గవర్నరు ఎన్టీఆర్‌ను బర్తరఫ్ చేసి భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. అదే రోజు ఎన్టీఆర్ తన ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని రాజ్‌భవన్‌కు వెళ్ళారు. 294 మంది సభకు ఎన్నికైన చోట నూట అరవైకి పైగా తనవైపే ఉన్నారని చూపించబోతే వినే నాథుడు లేడు. ఎమ్మెల్యేలను కాపాడుకోవడానికి ముందు నాచారంలోని రామకృష్ణా స్టూడియోలో, తర్వాత కర్ణాటకలో ఉంచాల్సి వచ్చింది. తీవ్ర అనారోగ్యంనుంచి అప్పుడే కోలుకుంటున్న మనిషి వాళ్ళను ఢిల్లీ దాకా తీసుకెళ్ళి రాష్ట్రపతి జైల్ సింగ్ ముందు నిలబెట్టారు. ఊరూరా జనం రోడ్డెక్కారు. రామ్‌లాల్ స్థానంలో శంకర్ దయాళ్ శర్మ వచ్చారు. సరిగ్గా నెలకు, సెప్టెంబరు 16న, ఎన్టీఆర్ మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ నెల రోజుల్లో భాస్కరరావు సభలో బలం నిరూపించుకోలేకపోయారు.

ప్రజాస్వామ్య పునరుద్ధరణ ఉద్యమంగా దాన్ని తలుచుకుంటాం. తలుచుకోవాల్సిందే. కాని నాకు బాధ కలిగించేది వేరే సంగతి. శాసనసభ భవనంలో ఒక్క పూటలో తేలిపోయే లెక్కకోసం ఒక రాష్ట్రం నెల రోజులు వీధుల్లో నిలబడాల్సి వచ్చింది. క్యాంపు రాజకీయాలని మనం ఈసడించుకునేవి పుట్టింది కూడా ఈ సందులోంచే. 1984లో మన ఎమ్మెల్యేలు కర్ణాటకకు వెళ్తే, 2018 మేలో కర్ణాటక ఎమ్మెల్యేలు హైదరాబాద్ హోటళ్ళకు వచ్చారు. 2024 ఫిబ్రవరిలో జార్ఖండ్ ఎమ్మెల్యేలూ వచ్చారు. ప్రమాణానికీ బలపరీక్షకూ మధ్య రోజులు గడిచేకొద్దీ ఈ బస్సులు తిరుగుతూనే ఉంటాయి.

గవర్నర్లకు ఒక దారి చూపించాలని సర్కారియా కమిషన్ 1988లో వరస చెప్పింది: ఎన్నికలకు ముందే కట్టిన కూటమి మొదట, ఇతరుల మద్దతు కూడగట్టిన అతి పెద్ద పార్టీ తర్వాత, ఎన్నికల తర్వాత కుదిరిన కూటములు ఆ తర్వాత. మంచి వరసే. పాటించేదెవరు? 2017లో గోవాలో కాంగ్రెస్ అతి పెద్ద పార్టీ అయినా పిలుపు రాలేదు. మరుసటేడు కర్ణాటకలో అతి పెద్ద పార్టీ అన్న కారణంతోనే బీజేపీని పిలిచి 15 రోజుల గడువిచ్చారు. సుప్రీంకోర్టు ఆ గడువును కుదించి, వెంటనే బలపరీక్ష పెట్టమంది. ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన యడియూరప్ప ఓటింగుకు ముందే రాజీనామా చేశారు.

బలం తేలాల్సింది రాజ్‌భవన్‌లో కాదని, సభలోనే అని ఖరాఖండిగా చెప్పింది 1994 మార్చి 11న సుప్రీంకోర్టు ఇచ్చిన బొమ్మై తీర్పు. తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం అది. అక్కడా ఒక తెలుగు ముడి ఉంది. 1989లో ముఖ్యమంత్రి బొమ్మై మెజారిటీ కోల్పోయారని, సభలో పరీక్ష పెట్టకుండానే, కేంద్రానికి నివేదిక పంపిన కర్ణాటక గవర్నరు మన కర్నూలు జిల్లా నాయకుడు పెండేకంటి వెంకటసుబ్బయ్య.

బొమ్మై తీర్పు తర్వాత నాలుగేళ్ళకు, అనుకోకుండా, మన దేశంలో ఒక సభ నేరుగా తన నాయకుణ్ణి ఎంచుకుంది. 1998 ఫిబ్రవరి 21న ఉత్తరప్రదేశ్ గవర్నరు రొమేశ్ భండారీ ముఖ్యమంత్రి కల్యాణ్ సింగ్‌ను తీసేసి జగదంబికా పాల్‌ను కూర్చోబెట్టారు. హైకోర్టు కల్యాణ్ సింగ్‌ను తిరిగి నిలబెట్టింది. గొడవ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఇద్దరిలో ఎవరికి ఎందరో ఒకేసారి లెక్కపెట్టమని కోర్టు ఆదేశించింది. ఫిబ్రవరి 26న లక్నో విధానసభలో స్పీకరుకు ఇరుపక్కలా ఇద్దరు కూర్చున్నారు. వీడియో కెమెరాలు తిరుగుతున్నాయి. ఒక్కో సభ్యుడూ తనకు కావలసిన మనిషికి ఓటు వేశాడు. కల్యాణ్ సింగ్‌కు 225, జగదంబికా పాల్‌కు 196. అయిదు రోజుల రభస ఒక్క సమావేశంతో సద్దుమణిగింది. ఆ రోజు సభ్యుల ముందున్న ప్రశ్న ఈ ప్రభుత్వం కావాలా వద్దా అని కాదు, ఈ ఇద్దరిలో ఎవరు అని. నేను ఇంతసేపూ చెప్పదలచుకున్నది ఈ తేడా గురించే.

జర్మనీలో రోజువారీ పద్ధతే అది. అక్కడ అధ్యక్షుడు పేరు ప్రతిపాదిస్తారు, పార్లమెంటు దిగువ సభ బుండెస్టాగ్ రహస్య ఓటుతో ఛాన్సలర్‌ను ఎన్నుకుంటుంది, ఆ తర్వాతే నియామకం, ప్రమాణం. హాజరైనవారిలో మెజారిటీ చాలదు, మొత్తం సభ్యుల్లో మెజారిటీ రావాలి. 1949లో కొన్రాడ్ అడెనావర్ సరిగ్గా కావలసినన్ని ఓట్లతో, 202తో, గట్టెక్కారు. ఒక్కటి తగ్గినా అయ్యేవారు కాదు. 2025 మే 6న ఫ్రీడ్రిష్ మెర్జ్‌కు 316 కావాల్సి ఉండగా మొదటి విడతలో 310 వచ్చాయి. తన కూటమికి 328 మంది ఉన్నా అంతే. ఆ మధ్యాహ్నమే రెండో విడతలో 325తో గెలిచి ప్రమాణం చేశారు.

దించడంలోనూ అక్కడ పేరు కావాలి. హిట్లర్‌కు ముందున్న వైమార్ రోజుల్లో ఒకరితో ఒకరికి పడని పార్టీలు ప్రభుత్వాలను కూల్చడానికి మాత్రం ఏకమయ్యేవి, కొత్తదాన్ని నిలబెట్టలేకపోయేవి. ఆ చేదు అనుభవంతో 1949 రాజ్యాంగంలో 67వ అధికరణం రాసుకున్నారు. ఛాన్సలర్‌ను దించాలంటే తర్వాతి ఛాన్సలర్‌ను అదే తీర్మానంలో ఎన్నుకోవాలి. 1982 అక్టోబరు 1న హెల్మట్ కోల్ 256 ఓట్లతో అలాగే వచ్చారు. హెల్మట్ ష్మిట్ దిగడం, కోల్ ఎక్కడం ఒకే ఓటుతో జరిగాయి. మధ్యలో ఆపద్ధర్మ ప్రభుత్వమన్న మాటే లేదు.

మన 1999తో పోల్చి చూడండి. ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వంపై విశ్వాస తీర్మానం. స్పీకరు స్థానంలో కోనసీమ బిడ్డ జి.ఎం.సి. బాలయోగి. రెండు నెలల కిందటే ఒడిశా ముఖ్యమంత్రి అయిన గిరిధర్ గమాంగ్ ఇంకా ఎంపీ పదవి వదులుకోలేదు. ఆయన ఓటు వేయవచ్చా అన్న వివాదాన్ని బాలయోగి ఆయన అంతరాత్మకే వదిలిపెట్టారు. గమాంగ్ ఓటు వేశారు. అనుకూలం 269, ప్రతికూలం 270. ప్రభుత్వం పడిపోయింది. నాలుగు రోజులకు సోనియా గాంధీ తమకు 272 మంది ఉన్నారన్నారు. ములాయం సింగ్ యాదవ్ ఒప్పుకోలేదు. ఆ 270 మందికి ఉమ్మడిగా ఒక్క పేరు లేదు. బడ్జెట్‌ను చర్చ లేకుండా గట్టెక్కించి, ఏప్రిల్ 26న లోక్‌సభను రద్దు చేశారు. కార్గిల్ యుద్ధం మొత్తం ఆపద్ధర్మ ప్రభుత్వం చేతిమీదుగా నడిచింది. మళ్ళీ పూర్తి ప్రభుత్వం వచ్చింది అక్టోబరు 13న, అదే వాజపేయితో.

జర్మన్ పద్ధతిలో లోపం లేదనను. మెజారిటీ పోయినా ప్రత్యామ్నాయం కుదరక ప్రభుత్వం చచ్చీ చావక సాగే ప్రమాదం ఉంది. రహస్య ఓటు కూడా గంగాజలం కాదు. 1972లో విల్లీ బ్రాంట్‌ను దించబోయి రైనర్ బార్జెల్ రెండు ఓట్లతో ఓడిపోయారు. తూర్పు జర్మనీ గూఢచార సంస్థ ప్రతిపక్ష సభ్యులను డబ్బుతో కొన్నదని తర్వాత బయటపడింది. అందుకే మనకు లక్నోలో జరిగినట్టు బహిరంగ ఓటే మేలని నా అభిప్రాయం. ఎవరు ఎవరికి వేశారో ఓటర్లకు తెలియాలి.

ఇంకొక అభ్యంతరం బలమైనది. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం తర్వాత విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది. ఇక సభ ఎన్నుకున్నా ఒరిగేదేముంది, పార్టీ చెప్పిందే కదా జరిగేది అంటారు. పార్టీల్లోపల ఎంపిక చచ్చుబడిపోయిన మాట నిజం. 1966 జనవరిలో కాంగ్రెస్ ఎంపీలు ఓట్లు వేసి మరీ ఇందిరా గాంధీని ఎన్నుకున్నారు. ఆమెకు 355, మొరార్జీకి 169. తర్వాతి కాలంలో ఎమ్మెల్యేలు హోటల్లో చేరి, నిర్ణయం అధిష్ఠానానికే వదిలేస్తూ ఏకవాక్య తీర్మానం చేసి ఇళ్ళకు వెళ్ళడం రివాజైంది. ఆంధ్రప్రదేశ్‌లో 1978 ఎన్నికల తర్వాత అయిదేళ్ళలో మర్రి చెన్నారెడ్డి, టంగుటూరి అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి వరసగా ముఖ్యమంత్రులయ్యారు. సీల్డు కవరు ముఖ్యమంత్రులన్న మాట అప్పుడే జనం నోట నలిగింది. 1983లో తెలుగుదేశం గెలుపుకు ఆ మంట కొంత కారణం. సభలో ప్రతి సభ్యుడూ లేచి ఒక పేరు చెప్పాల్సి వస్తే ఆ కవరు పోదు. కాని ఆ పేరుకు తన నియోజకవర్గంలో జవాబు చెప్పుకోవాల్సిన మనిషి ఒకడు ఏర్పడతాడు. అది చిన్న విషయం కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇది కొత్త ఊహ కాదు. జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య అధ్యక్షతన రాజ్యాంగం పనితీరును సమీక్షించిన జాతీయ కమిషన్ 2002లో ఇచ్చిన నివేదికలో, ఎవరికీ మెజారిటీ రానప్పుడు స్పీకరు ఎన్నికతోపాటే సభానాయకుణ్ణి కూడా లోక్‌సభే ఎన్నుకోవాలని, అవిశ్వాస తీర్మానంలో ప్రత్యామ్నాయ నాయకుడి పేరు ఉండాలని సూచించింది. దానికి మూడేళ్ళ ముందు లా కమిషన్ కూడా జర్మన్ తరహా అవిశ్వాస పద్ధతిని సిఫారసు చేసింది. సభానాయకుడి ఎన్నికకు కావాల్సింది సభా నియమావళిలో ఒక నిబంధన. ఎన్నికలయ్యాక తాత్కాలిక స్పీకరు సభ్యులచేత ప్రమాణం చేయిస్తారు, స్పీకరును ఎన్నుకుంటారు. ఆ వెంటనే నాయకుడి పదవికి పేర్లు పిలిచి ఓటింగు పెట్టవచ్చు. గెలిచిన పేరును స్పీకరు రాష్ట్రపతికి పంపితే, రాష్ట్రపతి ఆ వ్యక్తినే ప్రధానిగా నియమించవచ్చు. 75వ అధికరణంలో ఒక్క అక్షరమూ మార్చనక్కర్లేదు. అమరావతిలోనైనా హైదరాబాద్‌లోనైనా శాసనసభ తన నియమావళిలో ఇదే నిబంధన చేర్చుకోవచ్చు. అందుకు ఢిల్లీ కోసం ఎదురుచూడాల్సిన పని లేదు.