మీకు తెలుసా? మెజారిటీ ఉన్నా నోటు రాదు

ఎక్స్‌లో కొన్ని పోస్టుల కింద చిన్న పెట్టె ఒకటి కనిపిస్తుంది. అందులో ‘అసలు సంగతి ఇదీ’ అన్నట్టు రెండు మూడు వాక్యాలు, ఒక లింకు ఉంటాయి. దాన్నే కమ్యూనిటీ నోట్ అంటారు. కంపెనీ ఉద్యోగులెవరో కూర్చుని రాస్తారని కొందరు అనుకుంటారు. ఎక్కువమంది ఓటేస్తే వస్తుందని ఇంకొందరు అనుకుంటారు. రెండూ తప్పే. రాసేది మనలాంటి వాడుకదారులు, ఈమధ్య ఏఐ ప్రోగ్రాములు కూడా. ఓట్లు ఎన్ని పడ్డాయన్నదానికంటే ఎవరెవరి దగ్గర్నుంచి పడ్డాయన్నదే అక్కడ అసలు లెక్క.

మస్క్ కంటే ముందే

ఇది ఇలాన్ మస్క్ ఆలోచనేనని చాలామంది నమ్మకం. కానీ ట్విట్టర్ (ఎక్స్ పాత పేరు) దీన్ని 2021 జనవరిలోనే బర్డ్‌వాచ్ పేరుతో అమెరికాలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. మొదట్లో ఆ నోట్లు ట్విట్టర్‌లో కనిపించేవి కావు, విడిగా ఒక సైట్‌లో ఉండేవి. 2022 అక్టోబరులో అమెరికాలోని వాడుకదారులందరికీ చూపించడం మొదలైంది. ఆ నెలాఖరున మస్క్ కంపెనీని కొన్నారు, నవంబరులో బర్డ్‌వాచ్ పేరు కమ్యూనిటీ నోట్స్‌గా మారింది, డిసెంబరులో మిగతా ప్రపంచానికీ నోట్లు కనిపించాయి. కాబట్టి ‘మస్క్ కనిపెట్టాడు’ అనే పోస్టుకే ముందుగా ఓ నోటు తగిలించాలి.

అవతలి పక్షం కూడా ఒప్పుకోవాలి

ఒక హీరో సినిమా మొదటిరోజు వసూళ్ల పోస్టర్ ఎక్స్‌లో తిరుగుతోందనుకుందాం. ‘ఈ అంకె తప్పు’ అంటూ ఎవరో ఆధారంతో నోటు రాశారు. పోటీ హీరో అభిమానులు వెయ్యిమంది వచ్చి ‘ఉపయోగపడింది’ అని నొక్కేశారు. అయినా నోటు బయటికి రాదు. వాళ్లు ఎటూ అలాగే నొక్కుతారని సాఫ్ట్‌వేర్ ముందే అంచనా కట్టేసింది కాబట్టి ఆ వెయ్యి ఓట్ల బరువు దాదాపు శూన్యం. పోస్టర్ హీరోగారి అభిమానుల్లోనే కొందరు ‘నిజమే, అంకె పెంచారు’ అని ఒప్పుకుంటే మాత్రం నోటు మార్కు చరచరా పైకి పోతుంది.

ఎవరు ఎటువైపో దానికెలా తెలుస్తుంది? పార్టీ, ఊరు, వయసు ఏదీ అడగరు. మీరు గతంలో ఏ నోట్లకు అవునన్నారు, వేటికి కాదన్నారు అన్న చరిత్ర ఒక్కటి చాలు. దాన్నిబట్టి ప్రతి మనిషికీ, ప్రతి నోటుకీ ఒక మొగ్గు అంకె కడతారు. ఆ మొగ్గు వల్ల పడిన ఓట్ల వాటా తీసేశాక నోటు సొంతంగా సంపాదించుకున్న మార్కు ఎంత మిగిలిందో చూస్తారు. మామూలుగా అది 0.40 దాటాలి. అంతకంటే ముందు కనీసం 5 రేటింగులు పడాలి. పడకపోతే ‘ఇంకా రేటింగులు కావాలి’ అనే వరుసలోనే నోటు ఆగిపోతుంది.

ఈ లెక్క రహస్యమేమీ కాదు. ప్రోగ్రాం కోడ్, నోట్లు, వాటికి పడిన రేటింగులు అన్నీ బహిరంగంగా పెట్టారు. ఓపికున్నవాళ్లు డౌన్‌లోడ్ చేసుకుని ఫలానా నోటు ఎందుకు రాలేదో తామే లెక్కగట్టుకోవచ్చు. రాసేవారి పేరు మాత్రం ఎవరికీ తెలియదు. సిస్టమ్ ఇచ్చిన మారుపేరుతోనే రాస్తారు. పెద్దవాళ్ల పోస్టుకు నోటు రాసినందుకు వాళ్ల అనుచరుల చేత తిట్లు తినే బాధ తప్పుతుంది కాబట్టి ఇది మంచి ఏర్పాటే.

వైట్‌హౌస్ పోస్టు వెనక్కి పోయింది

2022 నవంబరు 1న అమెరికా అధ్యక్ష భవనం అధికారిక అకౌంట్ గొప్పగా ఒక పోస్టు వేసింది. అధ్యక్షుడు బైడెన్ నాయకత్వం వల్ల వృద్ధుల సోషల్ సెక్యూరిటీ చెల్లింపుల్లో పదేళ్లలో ఎన్నడూ లేనంత పెంపు వస్తోందని దాని సారాంశం. పెంపు నిజమే. కానీ దాని కింద పడిన నోటు అసలు కారణం చెప్పింది. ధరలు పెరిగితే ఆ చెల్లింపులు వాటంతటవే పెరగాలని 1972లో నిక్సన్ హయాంలోనే చట్టం చేశారు. అంటే పెద్ద పెంపు వచ్చిందంటే ద్రవ్యోల్బణం పెద్దదని అర్థం. మరునాటికి పోస్టు మాయమైంది. ఉన్న నిజాన్నే చెబుతూ జనాన్ని తప్పుదారి పట్టించడం ఎలాగో, దాన్ని రెండు వాక్యాల్లో ఎలా సరిదిద్దవచ్చో చూడాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మన దేశం ఊసు వచ్చిన నోటు కూడా ఒకటుంది. 2025 సెప్టెంబరులో ట్రంప్ వాణిజ్య సలహాదారు పీటర్ నవారో, భారత్ కేవలం లాభం కోసమే రష్యా చమురు కొంటోందని పోస్టు పెట్టారు. భారత్ కొనుగోళ్లు ఇంధన భద్రత కోసమని, అమెరికా సైతం రష్యా నుంచి యురేనియం వంటివి కొంటూనే ఉందని నోటు తగిలింది. ఆయన ఆ నోటును చెత్త అని తిట్టి మస్క్ మీద విరుచుకుపడ్డారు. నోట్లు ఎవరినీ వదిలిపెట్టవని మస్క్ జవాబిచ్చారు. ఆ మాట నిజమే, మస్క్ సొంత పోస్టులకూ నోట్లు పడ్డాయి.

ఒక్క నోటు, వంద ఫొటోలు

2023 మే 22న అమెరికా రక్షణ శాఖ కేంద్రం పెంటగాన్ దగ్గర పేలుడు జరిగిందంటూ ఏఐతో తయారైన ఫొటో ఒకటి పాకింది. నీలి టిక్కు ఉన్న అకౌంట్లూ దాన్ని పంచాయి. అమెరికా స్టాక్ మార్కెట్ కాసేపు కిందికి దిగి మళ్లీ తేరుకుంది. మన దేశంలోనూ ఒక టీవీ చానల్ దాన్ని వార్తగా వేసేసింది. పేలుడేమీ లేదని అక్కడి ఫైర్ సిబ్బంది ప్రకటించాల్సి వచ్చింది. కొద్దిరోజులకే ట్విట్టర్ కొత్త సదుపాయం తెచ్చింది. ఒక ఫొటోకు నోటు రాస్తే, అదే ఫొటో ఇంకెవరు ఎక్కడ వేసినా అక్కడ కూడా నోటు అతుక్కుంటుంది. ఆ తర్వాత వీడియోలకూ ఇదే ఏర్పాటు చేశారు.

పాత వరద ఫొటోని ప్రతి వానాకాలం కొత్త ఊరి పేరుతో తిప్పేవాళ్లకు ఇది పెద్ద దెబ్బే. ఫొటో సైజు కత్తిరించి, మీద అక్షరాలు వేసి తప్పించుకునేవాళ్లు ఉండనే ఉన్నారు, అది వేరే సంగతి.

లైకు కొట్టారా? కబురు వస్తుంది

మీరు లైకు కొట్టిన పోస్టుకో, రీపోస్ట్ చేసిన దానికో తర్వాత నోటు పడితే ఎక్స్ మీకు కబురు పంపుతుంది. 2023 నుంచీ ఉన్న సదుపాయమిది. 2023 అక్టోబరు చివర్లో ఇంకో కత్తెర పెట్టారు. నోటు పడిన పోస్టు మీద ప్రకటనల ఆదాయంలో వాటా రాదు. సంచలనం రాసి డబ్బు చేసుకునేవారికి తగిలే చోటే తగిలిందన్నమాట. ఎక్స్‌లో డబ్బు కట్టి వేయించుకున్న ప్రకటనలకు కూడా నోట్లు పడతాయి. ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా మాత్రం తన నోట్లు మొదలుపెట్టినప్పుడు ప్రకటనల జోలికి పోనివ్వలేదు. ఎందుకో వేరే చెప్పాలా?

అందరూ అదే బాట

2025 జనవరి 7న మెటా అధిపతి మార్క్ జుకర్‌బర్గ్, అమెరికాలో ఫ్యాక్ట్‌చెక్ సంస్థలతో ఒప్పందాలు ఆపేసి కమ్యూనిటీ నోట్స్‌కు మారుతున్నట్టు ప్రకటించారు. ఆ ఒప్పందాలు 2016 డిసెంబరులో మొదలైనవి. పరీక్ష దశలో మెటా వాడింది ఎక్స్ బహిరంగంగా పెట్టిన కోడ్‌నే. పోటీ కంపెనీ సరుకు ఇంత బాహాటంగా తెచ్చుకోవడం ఆ రంగంలో అరుదు. యూట్యూబ్ 2024 జూన్‌లో అమెరికాలో నోట్లను పరీక్షకు పెట్టింది. టిక్‌టాక్ 2025లో ఫుట్‌నోట్స్ అని మొదలుపెట్టింది, అదీ అమెరికాలోనే. మనకెలాగూ 2020 నుంచి టిక్‌టాక్ లేదు.

మెటా ఒప్పందాలున్న భారతీయ ఫ్యాక్ట్‌చెక్ సంస్థల్లో ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ రెండూ హైదరాబాద్‌వే. తెలుగు పుకార్లను తెలుగులోనే విప్పి చెప్పే ఇలాంటి సంస్థలు పోయి నోట్లే మిగిలితే ఏమవుతుందన్నది మనకు సంబంధించిన ప్రశ్న. ఇక్కడ ఒక తమాషా ఉంది. స్పెయిన్‌కు చెందిన ఫ్యాక్ట్‌చెక్ సంస్థ మాల్దీతా 2024 నాటి నోట్లను పరిశీలిస్తే, నోట్లు రాసేవాళ్లు ఆధారంగా ఎక్కువగా ఇచ్చే లింకుల్లో ఫ్యాక్ట్‌చెక్ సంస్థలవి ముందు వరసలోనే కనిపించాయి. వాళ్లను ఇంటికి పంపేస్తే నోట్లు రాసేవారికి ఆధారాలు ఎక్కడివి? నా లెక్కలో ఈ రెండూ కలిసి ఉండాల్సినవే, ఒకదానికి బదులు ఇంకొకటి పనికిరాదు.

బలమే బలహీనత

ఎక్స్‌లో రాసిన నోట్లలో పదింట తొమ్మిదికి పైగా జనానికి కనిపించనే కనిపించవు. ఎందుకో పైన చెప్పిన లెక్కలోనే ఉంది. రెండు పక్షాలూ ఒప్పుకుంటేనే నోటు బయటికి వస్తుంది. ఎన్నికలు, మతం, సరిహద్దు గొడవల వంటివాటి మీద ఆ ఒప్పుదల ఎక్కడ కుదురుతుంది? అంటే అబద్ధం ఎక్కువ హాని చేసే చోటే నోటు రావడం కష్టం. వచ్చినా ఆలస్యం. పారిస్ పరిశోధకులు చూసిన మేరకు నోటు పడిన తర్వాత రీపోస్టులు దాదాపు సగానికి తగ్గాయి, పోస్టు పెట్టినవారే తీసేసుకునే అవకాశం 80 శాతం పెరిగింది. కానీ నోటు పడేసరికే పోస్టు చూడాల్సినవాళ్లంతా చూసేసి ఉంటారు.

అలాగని బయటికి వచ్చిన నోటును తీసిపారేయలేం. కొవిడ్ టీకాల మీద వచ్చిన 205 నోట్లను వైద్య పరిశోధకులు పరీక్షించి 2024లో జామా పత్రికలో రాశారు. వాటిలో 97 శాతానికి పైగా పూర్తిగా సరైనవేనని తేలింది.

తెలుగు పోస్టుల సంగతి ఇంకా చిక్కు. తెలుగు చదవడం రానివాళ్లు తెలుగు పోస్టు నిజమో కాదో చెప్పలేరు. రేటింగ్ ఇచ్చే తెలుగువాళ్లు తగినంతమంది లేకపోతే, అందులోనూ రెండు వైపులవాళ్లూ లేకపోతే, ఎంత మంచి నోటైనా వరుసలో పడి ఉండాల్సిందే. అందుకే కింద పెట్టె కనిపించలేదని తెలుగు పోస్టును నమ్మేయకండి.

కోపానికి ఐదు మార్కులు

నోట్లు ఒకవైపు మంటలార్పుతుంటే ఇంకోవైపు అగ్గి రాజేసే మీటలు ఎన్ని ఉన్నాయో కూడా తెలుసుకోవాలి. ఫేస్‌బుక్ 2016లో లైకుకు తోడు నవ్వు, కోపం వంటి బొమ్మలు పెట్టింది. 2017 నుంచి కొంతకాలం ఏ పోస్టును పైకి తేవాలో నిర్ణయించే లెక్కలో ఒక్కో కోపం బొమ్మకు లైకు కంటే ఐదు రెట్ల విలువ ఇచ్చింది. కోపం తెప్పించే పోస్టుల్లో అబద్ధాలు ఎక్కువని కంపెనీ ఉద్యోగులే గుర్తించారు. చివరికి 2020 సెప్టెంబరులో ఆ విలువను సున్నా చేశారు. ఈ సంగతి 2021లో కంపెనీ లోపలి కాగితాలు బయటపడేదాకా మనకు తెలియదు.

చిన్న మీట మంచి కూడా చేయగలదు. చదవని వార్తను రీట్వీట్ చేయబోతే ‘ముందు చదువుతారా?’ అని అడిగే ఏర్పాటును ట్విట్టర్ 2020లో పెట్టింది. ఆ ప్రశ్న చూశాక వార్త తెరిచి చూసేవారు 40 శాతం పెరిగారని కంపెనీ చెప్పింది. వాట్సాప్ 2018లో పుకార్లు రేపిన మూకదాడుల తర్వాత మన దేశంలో ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలాసార్లు చేతులు మారిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా బిగించింది. దాంతో అలాంటి ఫార్వర్డ్‌లు 70 శాతం తగ్గాయని ప్రకటించింది. వాట్సాప్‌లో కమ్యూనిటీ నోట్స్ మాత్రం పెట్టలేరు. పంపినవారూ అందుకున్నవారూ తప్ప మెసేజ్ ఇంకెవరికీ కనిపించదు కదా!

కొత్తగా వచ్చినవి

2025 జూన్‌లో ఎక్స్ నోట్ల లెక్కనే లైకులకు కూడా వాడి చూసింది. మామూలుగా ఒకరితో ఒకరు విభేదించే వాళ్లిద్దరికీ నచ్చిన పోస్టులేవో గుర్తించే ప్రయోగమది. తగవు పెట్టే పోస్టు కాకుండా తగవు తీర్చే పోస్టు పైకి రావాలన్నది దాని వెనకున్న ఆశ. ఆ మరుసటి నెలలోనే ఏఐ ప్రోగ్రాములు నోట్లు రాసేందుకు అనుమతించారు. అయితే ఆ నోటు బయటికి రావాలా వద్దా అన్నది మనుషుల రేటింగులే తేలుస్తాయి. 2025 నవంబరులో, అకౌంట్ ఏ దేశం నుంచి నడుస్తోందో చూపించడం మొదలుపెట్టారు. అమెరికా దేశభక్తిని ఊరూరా చాటుకునే కొన్ని అకౌంట్లు వేరే ఖండాల్లోంచి నడుస్తున్నట్టు తేలి అక్కడ పెద్ద నవ్వులాటైంది.

మీరూ చేరొచ్చు

భారత్ నుంచి నోట్లు రాసేవారిని, రేటింగ్ ఇచ్చేవారిని 2024 ఏప్రిల్ మొదట్లో, లోక్‌సభ ఎన్నికల పోలింగ్ మొదలవడానికి కొద్దిరోజుల ముందు చేర్చుకోవడం మొదలుపెట్టారు. ఎక్స్ అకౌంట్ తెరిచి కనీసం ఆరు నెలలు నిండాలి, ఫోన్ నంబరు ధ్రువీకరించి ఉండాలి, ఈ మధ్య నిబంధనలు ఉల్లంఘించి ఉండకూడదు. చేరగానే రాయనివ్వరు. ముందు ఇతరుల నోట్లకు రేటింగ్ ఇవ్వాలి. మీ అంచనా తుది ఫలితంతో కలిసిన కొద్దీ మార్కులు వస్తాయి, ఐదు చేరితే రాయడానికి తలుపు తెరుచుకుంటుంది. ఆధారం లింకు ఇవ్వడం తప్పనిసరి.

తెలుగు నోట్లకు తెలుగు చదవగలిగినవాళ్లే రేటింగ్ ఇవ్వాలి. మీకు అకౌంట్ ఉంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఈరోజే పేరు ఇచ్చేయండి. మీతో ఎప్పుడూ వాదించే మిత్రుణ్ని కూడా చేర్పించండి, ఆయన ఓటు లేకుండా మీ ఓటు లెక్కకు రాదు.