వార్తల్లో పదం: ఈఎస్‌డీ పుండు

జీర్ణాశయ క్యాన్సర్ పైపొరల్లోనే ఉన్నప్పుడు, పొట్ట కోయకుండా ఎండోస్కోపీ గొట్టంతో దాన్ని ఒకే ముక్కగా తీసే పద్ధతి ఈఎస్‌డీ. 1990ల చివర్లో జపాన్‌లో రూపుదిద్దుకుంది. గడ్డ పోయినా పుండు మిగులుతుంది. మానడానికి సుమారు 8 వారాలు. ఈలోగా నూటికి ఐదుగురికి అటూఇటూగా రక్తస్రావమవుతుంది. అందుకే ఆమ్లాన్ని అణచే మాత్రలు తప్పవు. వాటికి తోడు, కరిగిపోయే పాలీగ్లైకాలిక్ ఆమ్లపు పల్చటి పొరను ఫైబ్రిన్ జిగురుతో పుండుపై అతికించడం మొదలైంది.

గాయానికి కట్టు కట్టినట్టేగా, అందరికీ వేస్తే పోలేదా అనవచ్చు. ఆలోచన ముచ్చటగానే ఉంది కానీ, ముప్పు ఎక్కువున్న రోగులపై జపాన్‌లో జరిపిన పరీక్షలో ఆ పొర రక్తస్రావాన్ని చెప్పుకోదగ్గంతగా తగ్గించలేదు. కదిలే, తడి జీర్ణాశయంలో అది నిలవడమూ కష్టమే. కాబట్టి రక్తం పల్చబరిచే మందులు వాడేవారిని, డయాలసిస్ రోగులను ముందే గుర్తించి, బయటపడిన రక్తనాళాలను మాడ్చడం, వీలైతే క్లిప్పులతో పుండు మూయడం మేలు.