రంగం వెళ్ళిన ముత్తాత

పలాస పేరు చెప్పగానే ఎవరికైనా జీడిపప్పు గుర్తుకొస్తుంది. ఉద్దానంలో ఏ ఇసుక నేల చూసినా జీడిమామిడి తోటే. కాని ఆ చెట్టు పుట్టిల్లు ఉద్దానం కాదు, మన దేశమే కాదు. దాని తాతముత్తాతలది దక్షిణ అమెరికాలోని బ్రెజిల్. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు దాన్ని ఓడల మీద తెచ్చి మన పడమటి తీరాన నాటారు. చెట్టు చరిత్ర ఇంత స్పష్టంగా చెప్పగలుగుతున్నాం. మరి ఆ చెట్టు కింద గింజలు ఏరుకునే మనిషి చరిత్ర?

మీ తాతగారి పేరు మీకు తెలుసు. ఆయన తండ్రి పేరు? ఆయన తల్లి పేరు? చాలామందికి బండి అక్కడే ఆగిపోతుంది. ఉద్దానం ఊళ్ళలో ముత్తాత సంగతి అడిగితే తరచు వినిపించే జవాబు ఒకటుంది: "ఆయన రంగం ఎలిపోనాడు." రంగం అంటే రంగూన్, నేటి యాంగోన్. అప్పట్లో బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో భాగమే. 1937 ఏప్రిల్ 1న గాని అది వేరుపడలేదు. అందుకని అక్కడికి పోవడానికి పాస్‌పోర్టు అక్కరలేదు. కళింగపట్నంలోనో, బారువలోనో, గోపాల్‌పూర్‌లోనో పడవెక్కి, దూరంగా లంగరు వేసిన స్టీమరు చేరుకుని, డెక్కు మీద చాప పరుచుకుంటే చాలు. బియ్యం మిల్లుల్లో, రంగూన్ రేవులో కూలి దొరికేది. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో పది లక్షలకు పైగా భారతీయులు ఉన్నారు. వారిలో తెలుగువాళ్ళను బర్మా జనం "కొరంగీలు" అనేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు అలా మనుషులకు అంటుకుంది.

అలా పోయిన మనిషి ఆచూకీ ఇప్పుడు తెలుసుకోవచ్చా? తెలుసుకోవచ్చు. అయితే డిటెక్టివులాగా పని చెయ్యాలి.

ట్రంకు పెట్టె చెప్పే సాక్ష్యం

ముందు ఇంట్లోనే మొదలుపెడదాం. అటక మీద పాత ట్రంకు పెట్టె ఉందనుకోండి. అందులో మామ్మ దాచిన రూపాయి బిళ్ళల దండ ఉంది. బిళ్ళ మీద విక్టోరియా బొమ్మ, చుట్టూ అక్షరాలు. "క్వీన్" అని ఉంటే అది 1877కు ముందు మొదలైన అచ్చు, "ఎంప్రెస్" అని ఉంటే 1877 లేక ఆ తర్వాతిది. ఐదో జార్జి బొమ్మ ఉంటే 1911 లేక ఆ తర్వాతిది. ఇంకనేం, ముత్తాత కాలం తేలిపోయిందని గంతులు వెయ్యకండి. నాణెం మీది సంవత్సరం దండ గుచ్చిన సంవత్సరం కాదు. "ఇంతకన్నా ముందు కాదు" అని మాత్రమే అది చెబుతుంది. పైగా 1862 అని అచ్చైన రూపాయలను టంకశాలలు ఆ తర్వాత పదేళ్ళకు పైగా అదే సంవత్సరం వేసి గుద్దుతూ పోయాయి! దండలో అన్నిటికన్నా కొత్త బిళ్ళ ఏదో చూడండి. దండ వయసుకు అదే హద్దు.

సంవత్సరం అరిగిపోతే? మీ బడి ప్రయోగశాల ఉండనే ఉంది. పాత రూపాయి బరువు 11.66 గ్రాములు. 1939 వరకు అందులో నూటికి 91.7 వంతులు వెండి. యుద్ధకాలంలో వెండికి కరువొచ్చి 1940 నుంచి సగానికి సగం తగ్గించారు. రాగి, నికెల్, జింకు కలిపారు. బరువు మాత్రం మార్చలేదు. వెండి కంటే రాగి తేలిక కదా, కాబట్టి అదే బరువుకు కొత్త బిళ్ళ కొంచెం ఎక్కువ చోటు ఆక్రమించాలి. ఆర్కిమిడీస్ చెప్పినట్టు దారం కట్టి నీటిలో వేలాడదీసి తూచండి. లెక్క ప్రకారం పాత బిళ్ళ 1.13 గ్రాముల బరువు కోల్పోవాలి, 1940 తర్వాతిది 1.22 గ్రాములు. తేడా గ్రాములో పదో వంతు కూడా లేదు. కిరాణాకొట్టు తక్కెడ ఇక్కడ పనికిరాదు, ప్రయోగశాల త్రాసు కావాలి. బిళ్ళను చింతపండుతో తోమవద్దు. ఉన్న అక్షరాలు కూడా పోతాయి.

పెట్టె అడుగున కాగితం నోటు దొరికితే ఇంకా మంచిది. 1937 తర్వాత రిజర్వు బ్యాంకు "బర్మాలో మాత్రమే చెల్లుతుంది" అని ముద్ర వేసిన నోట్లు విడుదల చేసింది. అలాంటిది ఇంట్లో ఉంటే, బర్మా వేరుపడ్డాక కూడా మీవాళ్ళ డబ్బు అక్కడ ఆడుతూ ఉండేదన్నమాట. ఇక నోటు మీద ఇంగ్లీషులో "జపాన్ ప్రభుత్వం" అని ఉండి, కోడ్ అక్షరాలు 'బి'తో మొదలైతే, కథ మలుపు తిరిగిందే! అది 1942 నుంచి యుద్ధం ముగిసేదాకా బర్మాను ఏలిన జపానువాళ్ళు చలామణి చేసిన నోటు. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడగానే లక్షల మంది భారతీయులు దొరికిన ఓడెక్కి, దొరక్కపోతే అడవులూ కొండలూ దాటి నడుచుకుంటూ పారిపోయి వచ్చారు. దారిలో ఎంతమంది పోయారో సరైన లెక్క లేదు. ఆ నోటు మీ ముత్తాతే తెచ్చి ఉంటే ఆయన ఆ గుంపులో లేడు. జపాను ఏలుబడిలో రంగూన్‌లోనే ఉండి, ఆ తర్వాత వచ్చాడు. మరొకరు తెచ్చి ఇచ్చి ఉండవచ్చు కూడా. ఆ సందేహాన్ని వదలకండి.

చిత్రభానులో పుట్టాడు. ఏ చిత్రభాను?

తాటాకు మీదో, పసుపు రాసిన కాగితం మీదో జాతకం దొరుకుతుంది. "చిత్రభాను నామ సంవత్సర మాఘ శుద్ధ పంచమి, బుధవారం" అన్నట్టుగా ఉంటుంది. మన సంవత్సరాల పేర్లు అరవై. అరవయ్యేళ్ళకోసారి మళ్ళీ మొదటికి వస్తాయి. చిత్రభాను 1882లో వచ్చింది, 1942లో వచ్చింది, 2002లోనూ వచ్చింది. తేల్చేది ఎలా? వారం తేలుస్తుంది. అరవయ్యేళ్ళ తేడాతో అదే తిథి మళ్ళీ అదే వారాన పడడం అరుదు. పాత పంచాంగం తీసి ఏ చిత్రభానులో మాఘ శుద్ధ పంచమి బుధవారమో చూస్తే సరి. జాతకం రాసినాయన తెలిసో తెలియకో మనకు మంచి తాళంచెవి ఇచ్చాడు.

బడి రిజిస్టరులోని పుట్టినరోజును మాత్రం అంత గట్టిగా నమ్మలేం. పాత అడ్మిషన్ రిజిస్టరు తిరగేస్తే సగం ఊరు జూలై 1న పుట్టినట్టు కనిపిస్తుంది! పిల్లవాడి వయసు చూసి హెడ్మాస్టరుగారు వేసిన అంచనా అది. కాని అదే వరుసలో ఉన్న తండ్రి పేరు, ఇంటిపేరు, ఊరు చాలా విలువైనవి. భూమి కాగితాలు కూడా అంతే. టెక్కలి, మందస ప్రాంతాలు జమీందారీలు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక సర్వే చేసి రాసిన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్‌లో ఏ చెక్క ఏ రైతుదో ఉంటుంది. ఇప్పటికీ పొలం తగాదాల్లో దాన్నే తిరగేస్తారు.

వెతికేటప్పుడు జిల్లా పేరుతో జాగ్రత్త. 1936 వరకు పలాస, టెక్కలి గంజాం జిల్లాలో ఉండేవి. ఆ ఏడు ఒరిస్సా ఏర్పడినప్పుడు గంజాం చీలి, ఈ భాగం విశాఖపట్నం జిల్లాలో కలిసింది. శ్రీకాకుళం జిల్లా 1950లో పుట్టింది. కాబట్టి 1900 నాటి కాగితాల్లో "శ్రీకాకుళం జిల్లా" కోసం వెతికేవాడికి ఏమీ దొరకదు. శ్రీకాకుళం ఊరినే తెల్లవాళ్ళు "చికకోల్" అని రాసేవారు.

దూరం పోయినవాడే దగ్గర

ఇక్కడొక విచిత్రం ఉంది. పక్కనున్న బర్మాకు పోయినవాడి పేరు చాలాసార్లు ఏ కాగితంలోనూ ఉండదు. డెక్కు ప్రయాణికుడి పేరు ఎవరు రాస్తారు? సముద్రాలు దాటి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కో, మారిషస్‌కో, ఫిజీకో ఒప్పందపు కూలీగా పోయినవాడి వివరాలు మాత్రం నేటికీ ఉన్నాయి. 1860 నుంచి 1911 వరకు నాటాల్‌కు 1,52,184 మంది వెళ్ళారు. అందులో దాదాపు మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచి ఎక్కినవారే. ప్రతివారికీ ఒక నంబరు వేశారు. నంబరు పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీది మచ్చలు. "ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ" లాంటి మాట చదివితే ఆ మనిషి ఎదుట నిలబడ్డట్టే ఉంటుంది. ఫిజీకి 1879 నుంచి 1916 వరకు 60,965 మంది పోయారు. మద్రాసు నుంచి అక్కడికి ఓడలు 1903లో మొదలయ్యాయి. వారి పాసుల మీద దగ్గరి బంధువు పేరు కూడా ఉంటుంది. మారిషస్‌లోని మోకా ఊళ్ళో ఉన్న మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో కూలీల పాత ఫోటోలు సైతం భద్రంగా ఉన్నాయి.

ఇవేవీ ప్రేమతో రాసినవి కావు. కూలి పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్న ఆనవాళ్ళు. రాసిన గుమాస్తాకు తెలుగు రాదు, చెప్పినవాడికి ఇంగ్లీషు రాదు. అప్పలస్వామి "అప్పల్సామి" అయ్యాడు. తండ్రి పేరు కొడుక్కి ఇంటిపేరుగా స్థిరపడిపోయింది. అసలు ఇంటిపేరు సముద్రంలో కలిసింది. అందువల్ల డర్బన్‌లో ఉన్న మనుమడు తన ఊరు వెతుక్కుంటూ వస్తే ఇంటిపేరు కాదు, ఊరి పేరే అతనికి ఆధారం.

అమెరికాలోని నల్లవారి కష్టం ఇంతకన్నా ఘోరం. 1850, 1860 లెక్కల్లో బానిసలకు పేరే రాయలేదు. యజమాని పేరు కింద వయసు, ఆడా మగా అని మాత్రం రాశారు. వారి పేర్లు జనాభా లెక్కల్లోకి మొత్తంగా ఎక్కింది 1870లోనే.

మేనరికం లెక్క

మనకు తల్లిదండ్రులు ఇద్దరు, తాతలు మామ్మలు నలుగురు, వారి తల్లిదండ్రులు ఎనమండుగురు. ఇలా రెట్టిస్తూ పోతే ముప్ఫయ్యో తరంలో 107 కోట్లు దాటుతుంది! తరానికి పాతికేళ్ళు వేసుకుంటే అది ఏడువందల యాభయ్యేళ్ళ కిందటి మాట. అప్పటికి ప్రపంచమంతా కలిపినా యాభై కోట్ల జనం లేరని అంచనా. మరి తప్పెక్కడ? తప్పు లెక్కలో లేదు, ఒకే మనిషి మన వంశవృక్షంలో చాలా కొమ్మల మీద కూర్చున్నాడు. మన ఇళ్ళలో ఈ సంగతి ముప్ఫై తరాల దాకా ఆగదు. మీ అమ్మానాన్నలది మేనరికమైతే, అంటే నాన్న తన సొంత మేనమామ కూతుర్నే చేసుకుని ఉంటే, మూడో తరంలోనే ఎనమండుగురికి బదులు ఆరుగురే తేలుతారు. కాగితం మీద గీసి చూడండి.

ఈ లెక్కకూ ఉద్దానానికీ గట్టి సంబంధం ఉంది. రెండు దశాబ్దాలకు పైగా ఇక్కడ మూత్రపిండాల జబ్బు ఊళ్ళకు ఊళ్ళను బాధిస్తున్నది. మధుమేహం, రక్తపోటు లేనివారికి కూడా వస్తున్నది. 2023 డిసెంబరులో పలాసలో దీనికోసమే ఆస్పత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభించారు. నీళ్ళా, మందులా, ఎండలో చెమటోడ్చడమా, వంశపారంపర్యమా అని శాస్త్రజ్ఞులు ఒక్కొక్కటే పరీక్షిస్తున్నారు. ఇదే కారణమని ఇంకా రుజువు కాలేదు.

ఇక్కడ వంశవృక్షం పరిశోధన పరికరం అవుతుంది. డాక్టర్లు మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం గీసి, జబ్బు ఉన్నవారిని నల్లగా నింపుతారు. ఒక ఇంట్లో తండ్రికి, కొడుక్కి జబ్బు వచ్చిందనుకోండి. అది రక్తంలో వచ్చిందా, ఒకే బావి నీళ్ళు తాగడం వల్ల వచ్చిందా? కోడల్ని చూడాలి. ఆమె దూరపు ఊరి నుంచి వచ్చి, అదే ఇంట్లో చాలా ఏళ్ళు ఉండి జబ్బు పడితే అనుమానం పరిసరాల మీదకు మళ్ళుతుంది. కాని ఆ కోడలు మేనకోడలే అయితే? రక్తమూ ఒకటే, బావీ ఒకటే. సాక్ష్యం చెల్లదు. "మీ అత్తగారు మీకేమవుతారమ్మా?" అని డాక్టరు అడిగేది ఊసుపోక కాదన్నమాట. ఇలాగే, ఉద్దానం వదిలి ఎప్పుడో వేరే చోట్ల స్థిరపడ్డవారి సంతానాన్ని కూడా ఇక్కడివారితో పోల్చి చూడవచ్చు. వాళ్ళెవరో తెలియాలంటే రంగం వెళ్ళిన ముత్తాత దగ్గరికే మళ్ళీ రావాలి.

ఇంటిపేరు తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. సరిగ్గా అదే దారిలో మగవారిలోని వై క్రోమోజోమ్ కూడా నడుస్తుంది. తల్లి నుంచి పిల్లలందరికీ వచ్చే మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. మాత్రం అమ్మ, అమ్మమ్మ, ఆవిడ అమ్మ, ఇలా పైకి పోతుంది. మన కాగితాల్లో ఆ ఆడవాళ్ళ పేర్లు దాదాపు కనబడవు. పుట్టింటి ఇంటిపేరు సంగతి చెప్పనే అక్కర్లేదు. కాబట్టి ముందుగా అడగవలసింది అమ్మమ్మనే.

త్వరపడాలి కూడా. 1921లో వాషింగ్టన్‌లో మంటలంటుకుని అమెరికా 1890 జనాభా లెక్కలు చాలావరకు పోయాయి. మనకు నిప్పు కంటే గాలి భయం ఎక్కువ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరిచెట్లు, జీడిమామిళ్ళు వేళ్ళతో సహా పడిపోయాయి. పైకప్పులు లేచిపోయిన ఇళ్ళలో పెట్టెలు తడిసి, నోట్లూ పట్టాలూ ఫోటోలూ ముద్దయ్యాయి. చెట్లు మళ్ళీ నాటారు.

ఈ ఆదివారం ఒక పాత ఫోటో తీసుకుని తాతగారి పక్కన కూర్చోండి. ఎవరెవరో అడిగి వెనకవైపు మెత్తటి పెన్సిలుతో రాయండి. పెన్ను వద్దు, సిరా ముందువైపుకు దిగుతుంది. ఎడమ నుంచి కుడికి పేర్లు, వరస, ఊరు రాశాక కింద ఇంకో రెండు మాటలు చేర్చండి: ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు.