అగ్నిపర్వత ధూళి - విమాన ప్రయాణము

2010వ సంవత్సరము ఏప్రిల్ మాసము మధ్యలో లండను నగరముపై ఆకాశము నిర్మలముగా ఉన్నది. గాలివాన లేదు, పొగమంచు లేదు. అయినను ఆ నగరపు విమానాశ్రయములలో విమానములన్నియు నేలమీదనే నిలిచియున్నవి. 15వ తేదీన మొదలైన ఈ నిషేధము దాదాపు ఆరు దినములు సాగి, ఐరోపా ఖండములో అనేక దేశములకు వ్యాపించినది. సుమారు లక్ష విమాన ప్రయాణములు రద్దయినవి. కోటిమంది వరకు ప్రయాణీకులు చిక్కుపడినారు. మన దేశమునుండి ఐరోపాకు పోవలసిన విమానములును ఆగిపోయినవి. పరీక్షలకు పోవలసినవారు, వైద్యమునకు పోవలసినవారు, పెండ్లికి పోవలసినవారు విమానాశ్రయపు బల్లలపై నిద్రించినారు. ఎక్కడనో కెన్యా దేశములో ఐరోపా అంగళ్ళ కొరకు కోసిన పూలు, కూరగాయలు గిడ్డంగులలోనే వాడిపోయినవి.

చిక్కుపడినవారందరి నోట ఒకే ప్రశ్న వచ్చినది: "ఆకాశము ఇంత తేటగా ఉన్నదే, విమానములను ఏల ఆపినారు?" ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినచో, అట్టి సమయమున ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో కూడ తెలియును.

ధూళి పుట్టుక

ఈ నిషేధమునకు కారణము ఐస్లాండు ద్వీపములోని ఒక అగ్నిపర్వతము. దాని పేరు ఎయాఫ్యత్లాయోకుల్. నోరు తిరుగుట కష్టమే కాని అర్థము సులభము: ద్వీపపు కొండలమీది హిమానీనదము అని ఆ మాటకు అర్థము. పర్వతము ఎత్తు 1,650 మీటరులకు కొంచెము హెచ్చు. శిఖరముపై సుమారు 200 మీటరుల మందమున మంచు పేరుకొని యుండెను. 2010 మార్చి 20వ తేదీన పర్వతపు పార్శ్వమున, మంచు లేని చోట, ఒక చీలిక ఏర్పడి లావా ప్రవహించినది. అప్పుడు విమానములకు పెద్ద ఇబ్బంది కలుగలేదు. ఏప్రిల్ 14వ తేదీన శిఖరముననే, మంచు అడుగున, రెండవసారి విస్ఫోటనము జరిగినది. చిక్కు అంతయు దీనితో వచ్చినది.

బూడిద అనగానే మనకు కట్టెల పొయ్యిలోని మెత్తని బూడిద జ్ఞాపకమునకు వచ్చును. అగ్నిపర్వతపు బూడిద అట్టిది కాదు. దానిలో కాలి మిగిలిన పదార్థమేమియు లేదు. అది పొడియైన రాయి, పొడియైన గాజు.

ఈ పొడి రెండు విధములుగా ఏర్పడును. భూమిలోపల కరిగియున్న శిలాద్రవములో నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు మొదలగునవి కరిగి యుండును. శిలాద్రవము పైకి వచ్చుకొలది దానిపై ఒత్తిడి తగ్గును. సోడాబుడ్డి మూత తీసినప్పుడు నురుగు పొంగినట్లు, వాయువులు బుడగలై పొంగి శిలాద్రవమును తుంపరలుగా చిమ్మును. ఇది మొదటి విధము. రెండవది నీరు తగులుట. వెలుగుచున్న లాంతరు చిమ్నీపై ఒక నీటిబొట్టు పడినచో గాజు చటుక్కున చిట్లుట మన పెద్దలందరు ఎరిగినదే. వేయి డిగ్రీల వేడిమిగల శిలాద్రవమునకు కరిగిన మంచునీరు తగిలినప్పుడు కూడ అట్లే జరుగును. అది క్షణములో గడ్డకట్టి, చిట్లి, సన్నని గాజుపొడి యగును. మంచు అడుగున జరిగిన విస్ఫోటనము మిక్కిలి సన్నని ధూళిని పుట్టించుటకు ఇదియే ముఖ్య కారణము.

ఎంత దూరము, ఎంత కాలము?

ఐస్లాండులో ధూళి మేఘము సుమారు 9 కిలోమీటరుల ఎత్తునకు లేచినది. పెద్ద విమానములు ఎగురునది 9 మొదలు 12 కిలోమీటరుల ఎత్తులోనే. అంత ఎత్తునుండి ఇసుకరేణువు వంటి పెద్ద కణములు కొద్ది సేపటిలో దగ్గరనే రాలిపోవును. సన్నని కణముల సంగతి వేరు. ఒక మిల్లీమీటరులో నూరవ వంతు, అనగా 10 మైక్రానుల వ్యాసముగల కణమును తీసికొందము. గాలి నిరోధము వలన అది సెకనుకు సుమారు ముప్పాతిక సెంటీమీటరు మాత్రమే దిగును. ఈ లెక్కన 9 కిలోమీటరులు దిగుటకు దానికి 14 దినములు పట్టును. కణములు ఒకదానికొకటి అంటుకొనినను, వాన కురిసినను ముందే దిగవచ్చును. లేనిచో గాలిలోనే తేలుచుండును.

ఇంతలో గాలి ఊరకుండదు. సెకనుకు 10 మీటరుల వేగముతో వీచినను, రెండు దినములలో ధూళిని 1,700 కిలోమీటరుల దూరము మోసికొనిపోవును. ఆ పర్వతమునుండి లండనుకు గల దూరము దాదాపు ఇంతే. విమానములు తిరుగు ఎత్తులో గాలి తరచు ఇంతకంటె వేగముగా వీచును. ఆ ఏప్రిల్‌లో వాయవ్యదిశనుండి వీచిన గాలులు ధూళిని నేరుగా ఐరోపా మీదికి తెచ్చినవి.

యంత్రములో ఏమి జరుగును?

జెట్ యంత్రము ముందునుండి గాలిని పీల్చి, వరుసగా అమర్చిన రెక్కలతో దానిని అణచి, దహనకోష్ఠములోనికి పంపును. అక్కడ ఇంధనము మండి వెలువడిన వేడి వాయువులు టర్బైను రెక్కలను త్రిప్పుచు వెనుకకు పోవును. దహనకోష్ఠములో వేడిమి 1,400 డిగ్రీలకు మించియుండును. అగ్నిపర్వతపు గాజుపొడి సుమారు 1,100 డిగ్రీలకే మెత్తబడి కరుగును. ప్రమాదము ఈ రెండు అంకెల మధ్యనే ఉన్నది.

యంత్రములో ప్రవేశించిన ధూళి మొదట ముందరి రెక్కల అంచులను ఉప్పుకాగితమువలె అరగదీయును. పిమ్మట దహనకోష్ఠములో కరిగి, పాకమువలె జిగటయై, దాని వెనుకనున్న కొంత చల్లని లోహభాగములకు అంటుకొని గట్టిపడును. వాయువులు పోవు సందులు పూడుకొనిపోవును. వెనుకకు దారి లేక ఒత్తిడి ముందుకు తన్నును, మంట ఆరిపోవును, యంత్రము ఆగును. ఇవిగాక వేగమును కొలుచు గొట్టములు ధూళితో మూసికొనిపోవచ్చును. విమాన చోదకుని ముందున్న అద్దము గీతలు పడి మసకబారవచ్చును.

ఇది ఊహ కాదు. 1982 జూన్ 24వ తేదీ రాత్రి, లండనునుండి బొంబాయి మీదుగా వచ్చిన ఒక బోయింగ్ 747 విమానము, 248 మంది ప్రయాణీకులతో కౌలాలంపూరునుండి ఆస్ట్రేలియాలోని పెర్తుకు పోవుచుండెను. జావా ద్వీపములోని గాలుంగుంగ్ అగ్నిపర్వతపు ధూళిలో ప్రవేశించగా దాని నాలుగు యంత్రములును ఒకదాని వెంట ఒకటి ఆగిపోయినవి. 11 కిలోమీటరుల ఎత్తునుండి విమానము గాలిపటమువలె జారుచు సుమారు 4 కిలోమీటరుల ఎత్తునకు వచ్చినది. అక్కడ యంత్రములు మరల పనిచేసినవి. అద్దములు మసకబారగా, ఎదుట సరిగా కనబడకయే చోదకుడు ఎరిక్ మూడీ విమానమును జకర్తాలో దింపినాడు. ఒక్కరికిని ప్రాణాపాయము కలుగలేదు.

1989 డిసెంబరు 15వ తేదీన అలాస్కాలో రిడౌట్ అగ్నిపర్వతపు ధూళిలో మరియొక 747 విమానమునకు ఇదే గతి పట్టినది. అది 4 కిలోమీటరులకు పైగా క్రిందికి జారిన తరువాత యంత్రములు తిరిగి ప్రారంభమైనవి. మరమ్మతులకు 8 కోట్ల డాలరులు ఖర్చయినవని లెక్క.

ఆగిన యంత్రములు మరల ఎట్లు నడచినవి? మంట ఆరిన తరువాత చల్లని గాలి తగిలి, అంటుకొనిన గాజుపెచ్చులు చిట్లి రాలిపోయినవి. విమానము ధూళి మేఘమును దాటి తేటగాలిలోనికి దిగినది. ఈ రెండును కలిసివచ్చినవి. క్రింద ఎత్తైన కొండలుండినచో కథ వేరుగా ఉండెడిది.

ఇట్టి మేఘమును ముందే చూచి తప్పించుకొనలేరా యని ప్రశ్నింపవచ్చును. రాత్రివేళ అది కంటికి కనబడదు. దూరము ప్రయాణము చేసి పలుచబడిన ధూళి పగలు కూడ కనబడకపోవచ్చును. లండనుపై ఆకాశము తేటగా తోచుటకు కారణమిదే. విమానములోని రాడార్ వానచినుకులను గుర్తించుటకు ఏర్పడినది. ఇంత చిన్న గోళముల విషయములో ప్రతిఫలన శక్తి వ్యాసముయొక్క ఆరవ ఘాతమును అనుసరించును. కనుక 10 మైక్రానుల కణము, ఒక మిల్లీమీటరు చినుకు ప్రతిఫలించు తరంగశక్తిలో దాదాపు లక్షకోట్ల వంతు మాత్రమే ప్రతిఫలించును. 1982లో ఆ విమానపు రాడార్ తెరమీద ఏమియు కనబడకపోవుటలో వింత లేదు.

ఎంత ధూళి అపాయకరము?

ఇట్టి అనుభవములవలన ప్రపంచమంతటికి తొమ్మిది అగ్నిపర్వత ధూళి హెచ్చరిక కేంద్రములు ఏర్పడినవి. లండను, టులూజ్, టోకియో, డార్విన్ వానిలో కొన్ని. ఉపగ్రహములు పరారుణ కిరణములను వేర్వేరు తరంగదైర్ఘ్యములలో పోల్చి చూచి, ధూళి మేఘమును నీటి మేఘమునుండి వేరుచేయును. గాలుల లెక్కనుబట్టి ధూళి ఎటు పోవునో కేంద్రమువారు గణించి తెలుపుదురు.

2010 వరకు ఐరోపాలో ఆచరణ ఒక్కటే: ధూళి ఉన్నచోటికి పోరాదు. అది సముద్రముపై దారి మళ్ళించుటకు సరిపోయినది. ఖండమంతయు ధూళి క్రిందకి వచ్చినప్పుడు సరిపోలేదు. ఎంత ధూళిని యంత్రము సహింపగలదో చెప్పు అంకె అప్పటికి ఎవరివద్దను లేదు. అంకె లేనిచోట ప్రాణములతో పందెము వేయరాదు గనుక విమానములను ఆపినారు. ఆ దినములలోనే విమాన సంస్థలు ప్రయాణీకులు లేకుండ విమానములను నడిపి చూచినవి. జర్మనీవారి పరిశోధనా విమానము ఆకాశములోని ధూళిని కొలిచినది. యంత్రనిర్మాతలు తమ అనుభవమును పరిశీలించినారు. తుదకు ఒక ఘనమీటరు గాలిలో 2 మిల్లీగ్రాములకు మించిన ధూళి ఉన్నచోటికి పోరాదనియు, తక్కువ ఉన్నచోట అదనపు జాగ్రత్తలతో పోవచ్చుననియు నిర్ణయించినారు. మే నెలలో, పరిమిత కాలము కొరకు, 4 మిల్లీగ్రాముల వరకు అనుమతి కలిగినది.

2 మిల్లీగ్రాములు స్వల్పమని తోచవచ్చును. లెక్క సులభముగా ఉండుటకు, యంత్రపు దహనకోష్ఠములోనికి సెకనుకు 100 ఘనమీటరుల గాలి పోవునని అనుకొందము. అప్పుడు సెకనుకు 200 మిల్లీగ్రాములు, గంటకు 720 గ్రాముల గాజుపొడి లోపలికి చేరును. కంటికి ఆనని ధూళి గంటలో ముప్పాతిక కిలో అగుచున్నది!

ఈ పాఠము వృథా పోలేదు. 2011 మే నెలలో ఐస్లాండులోనే గ్రిమ్స్‌వొట్న్ అగ్నిపర్వతము ఇంకను తీవ్రముగా పేలినది. అయినను రద్దయిన విమానములు సుమారు 900 మాత్రమే. కణములు పెద్దవై త్వరగా రాలిపోవుట ఒక కారణము. కొలిచి నిర్ణయించు కొత్త పద్ధతి మరియొక కారణము.

మన దేశమునకు ఈ బెడద లేదనుకొనరాదు. 2025 నవంబరు 23వ తేదీన ఇథియోపియాలో హేలి గుబ్బి అగ్నిపర్వతము పేలినది. ధూళి ఎర్రసముద్రమును, అరేబియాను దాటి మరునాటి రాత్రికే ఉత్తర భారతము పైకి వచ్చినది. పౌరవిమానయాన శాఖాధికారులు హెచ్చరిక చేసినారు. కొన్ని విమానములు రద్దయినవి. కొన్ని దారి మళ్ళినవి. ఒకటి రెండు దినములలో గాలి దానిని చైనావైపు తీసికొనిపోయినది.

ప్రయాణీకుడు చేయదగినది

పై విషయములనుండి ముఖ్యమైన సంగతి యొకటి తేలుచున్నది. చిక్కుపడిన ప్రయాణీకుడు "అగ్నిపర్వతము ఎప్పుడు చల్లారును?" అని విచారించుట వలన లాభము లేదు. 2010లో ఆ పర్వతము మే నెల చివరి వారము వరకు ధూళి చిమ్ముచునే యున్నది. విమానములు మాత్రము ఏప్రిల్ 21 నాటికే విరివిగా లేచినవి. మే నెలలో గాలి మరలినప్పుడు కొన్ని విమానాశ్రయములు తిరిగి కొంతకాలము మూసినారు. కావున అడుగవలసిన ప్రశ్న "గాలి ఎటు వీచుచున్నది?" అనునది. గాలి వార్త ఒకటి రెండు దినములకే నమ్మదగియుండును. ప్రయాణపు ఏర్పాటులను కూడ ఒకటి రెండు దినముల లెక్కన మార్చుకొనుట మేలు.

విమానము లేచునని సంస్థవారు రూఢిగా చెప్పనిదే విమానాశ్రయమునకు పోరాదు. తొందరపడి టిక్కెట్టును తామే రద్దు చేసికొనరాదు. సంస్థయే రద్దు చేసినచో సొమ్ము వాపసో, వేరొక విమానమో కోరు హక్కు ఉండును, తామే రద్దు చేసికొనినచో కోత పడవచ్చును. ప్రకృతి వైపరీత్యమునకు మన దేశములో నష్టపరిహారపు సొమ్ము చెల్లింపవలసిన బాధ్యత సంస్థకు లేదు. ఐరోపానుండి బయలుదేరువారికి భోజనము, బస కల్పించుట మాత్రము సంస్థ విధియే; అగ్నిపర్వతము పేలినను ఆ విధి తప్పదని 2013లో ఐరోపా న్యాయస్థానము తీర్పు చెప్పినది. కనుక ఖర్చుల రసీదులను దాచుకొనవలెను. ప్రయాణ బీమా ముందుగానే తీసికొనవలెను. పర్వతము పేలిన వార్త వచ్చిన తరువాత తీసికొనిన బీమా ఆ నష్టమునకు సాధారణముగా వర్తింపదు. నిత్యము వాడు మందులు మరి నాలుగు దినములకు సరిపడునన్ని చేతిసంచిలోనే ఉంచుకొనవలెను. పెద్ద పెట్టె విమానములోనికి పోయిన తరువాత చేతికి అందదు.

ప్రయాణము ఆగినప్పుడు కోపము వచ్చుట సహజము. ఎదుటనున్న గుమాస్తాకు కూడ ఆకాశము తేటగానే కనబడుచున్నది. ఆ తేటగాలిలో ఎంత గాజుపొడి ఉన్నదో కొలిచినవారి మాట వచ్చువరకు ఆయనయు మనవలె ఎదురుచూచుచున్నాడు. 1982లో జావాపై ఎగిరిన 248 మందికి అట్టి మాట చెప్పువారు లేకపోయిరి. నేడు మనకు ఉన్నారు.