ఏ లీవు రాయమంటారు?

క్యాజువల్ లీవు, సిక్ లీవు, ఎర్న్‌డ్ లీవు, పురిటి సెలవు... ఆఫీసు లీవు ఫారంలో ఎన్ని గళ్లో! ఇంట్లో మనిషి పోతే టిక్కు పెట్టడానికి మాత్రం చాలాచోట్ల గడి ఉండదు.

మా అమ్మ పోయినప్పుడు నేనో ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూసేదాన్ని. నాలుగో రోజే మేనేజరు ఫోన్. ''పెళ్లయిన ఆడపిల్లకి మూడ్రోజులేగా మైల! రేపొచ్చేస్తారా మేడమ్?'' శాస్త్రం ఎంత బాగా గుర్తుందో! అంతకుముందు తండ్రి పోయిన మగ ఉద్యోగికి పన్నెండు రోజులూ ఫోన్ లేదు. ఆయన కర్మ చేయాలి కదా మరి. అమ్మ బీరువా సర్దడం, బ్యాంకు కాగితాలు వెతకడం, బిక్కచచ్చిపోయిన నాన్నకి వేళకి మాత్రలివ్వడం... ఇవేవీ కర్మ కింద రావు. అవన్నీ చేసింది నేను. జీతం కోసిందీ నాకే.

ప్రైవేటు ఉద్యోగులందరికీ ఇలాంటి సెలవు జీతంతో ఇచ్చి తీరాలనే కేంద్ర చట్టం మనకి లేదు. ఇచ్చే కంపెనీలు తమంతట తామే ఇస్తున్నాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనైతే వార్షిక సెలవుకి 15 రోజుల ముందే అర్జీ పెట్టాలన్నారు. జబ్బు చేస్తే మినహాయింపు ఉండేది, చావుకి ఉండేది కాదు. యముడు ముందుగా నోటీసిస్తాడనుకున్నారేమో!

కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకి 2022లో కాస్త ఊరట దొరికింది. పుట్టగానే బిడ్డ పోతే 60 రోజుల ప్రత్యేక ప్రసూతి సెలవు ఇస్తామన్నారు. బ్రిటన్‌లో 2020 ఏప్రిల్ నుంచి, 18 ఏళ్లలోపు బిడ్డ పోతే తల్లికీ తండ్రికీ కూడా రెండు వారాల సెలవుంది. న్యూజిలాండ్ 2021లో గర్భస్రావాన్నీ ఇందులో చేర్చి, జీతంతో మూడ్రోజులు ఇచ్చింది, భర్తకి కూడా.

మీ కంపెనీలో ఈ సెలవుంటే 'కుటుంబం' అంటే ఎవరని రాశారో ఒక్కసారి చదవండి. పుట్టింటివాళ్లూ అత్తింటివాళ్లూ ఇద్దరూ ఉన్నారా? లేకపోతే ఇప్పుడే అడిగి రాయించుకోండి. ఆ రోజు వచ్చాక అడిగే ఓపిక ఉండదు.

అసలు లీవు ఫారమే లేని ఉద్యోగాలు మన ఇళ్లలోనే ఉన్నాయి. మా పనావిడ భర్త పోయినప్పుడు పదకొండు రోజులకీ జీతం కోయలేదు. ''ఇలా అలవాటు చేస్తే ఎలాగండీ?'' అంది పక్కింటావిడ.